ముత్తయ్య విన్నది, నేను చెప్పనిది

మొన్న ఖమ్మంలో కొత్తగా తెరిచిన ఒక స్పీకర్ల దుకాణానికి వెళ్ళాను. చల్లని గది, మెత్తని సోఫాలు, గోడల నిండా నల్లని మెత్తలు. ఎదురుగా నా నడుమెత్తు పెట్టెలు రెండు నిలబడి ఉన్నాయి. ఎవరో గాయకుడు పాడుతున్నాడు. ఆయన గొంతు కింది స్థాయికి దిగినప్పుడల్లా ఎడమవైపు పెట్టెలోంచి ఇంకో గొంతు, తలుపు చెక్క ఒరుసుకున్నట్టు సన్నగా, ఆయనతో కలిసి పలుకుతోంది. పాట సగం కూడా కాలేదు. నా పక్కన కూర్చున్న ఇద్దరు పెద్దమనుషులు అప్పుడే తలలు ఊపుతున్నారు. "ఎట్లుంది సార్? గుండెకు తాకుతలేదా?" అన్నాడు దుకాణదారు. నేను జేబులోంచి నోటుపుస్తకం తీసి, విన్నది రాసుకుని, రాసినదాన్ని పైకి చదివాను. అతని నవ్వు ఆగిపోయింది. "ఈయనెప్పుడూ గింతే" అని పక్కనున్న పెద్దమనిషి గొణగడం నాకు వినబడింది. ఎప్పుడూ ఇంతే అయి ఉంటే ఈ వ్యాసం రాయవలసిన అవసరం నాకు ఉండేది కాదు. ఒక్క మధ్యాహ్నం నేను ఇలా లేను. ఆ మధ్యాహ్నానికి మూల్యం చెల్లించినవాడు ముత్తయ్య.

నేను ప్రభుత్వ జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైనవాడిని. మా ఇంటి బీరువాలో ఇరవై ఆరు నోటుపుస్తకాలు ఉన్నాయి. నేను విన్న ప్రతి స్పీకరు జోడు, అది ఉన్న గది, కింద పరిచిన రాయి, నేను కూర్చున్న దూరం, వినిపించిన రికార్డింగు, నాకు వినబడినది, అన్నీ వాటిలో ఉన్నాయి. ఈ అలవాటు నాది కాదు. గాంధీచౌక్ వెనక సందులో స్పీకర్లు బాగుచేసే ముత్తయ్య నాకు అలవాటు చేసినది. భద్రాచలం అవతల అడవి పల్లెలో ఒక కోయ కుటుంబంలో పుట్టాడాయన. తండ్రి అటవీశాఖ వాళ్ళు చెట్లు నరికించే కూపుల్లో కూలి. ముత్తయ్య ఖమ్మం వచ్చి మైక్ సెట్లు మోశాడు, మోసినవాటిని విప్పాడు, విప్పినవాటిని మళ్ళీ బిగించాడు. స్పీకరు లోపల కాలిన రాగితీగ కాయిల్ చుట్టడం, చిరిగిన కాగితపు కోన్ అతకడం ఎవరూ నేర్పకుండానే నేర్చుకున్నాడు. ఊళ్ళోవాళ్ళు ఆయనను మెచ్చుకోవాలనుకున్నప్పుడు "అడవిల పుట్టిన చెవి గదా" అనేవారు. ఆ మాటకు ఆయన మొహం ముడుచుకునేది. "అడవిల పుట్టిన చెవులు శానున్నయ్ సారు. వాటిల ఏ చెవికి ఈ కాయిల్ సంగతి తెల్సు? ముప్పై ఏండ్లు గీ బల్ల కాడ నడుం ఇరగ్గొట్టుకుంటే వచ్చింది. అడవిదంటరేంది?" అని నాతో ఒకసారి అన్నాడు. మెచ్చుకోలులో కూడా మనిషి పనిని దొంగిలించవచ్చునని నాకు తెలిసింది అప్పుడే.

రిపేరు పని లేకుండా నేను ఆయన దగ్గరకు మొదటిసారి వెళ్ళింది గొప్ప చెప్పుకోవడానికి. హైదరాబాదు నుంచి ఒక విదేశీ స్పీకర్ల జోడు తెప్పించాను. పాత జోడుకు కోన్లు మార్చింది ఆయనే కాబట్టి, దాన్ని ఎవరికైనా ఇప్పించమని అడిగాను. "రెండు జోడ్లూ పట్టుకరాండ్రి" అన్నాడు. తెచ్చాక, దుకాణంలో అటు మేకు నుంచి ఇటు మేకుకు ఒక పాత పంచె కట్టి, దాని వెనక రెండు జోళ్ళూ పెట్టి, నా చేతికి కాగితం, పెన్సిలు ఇచ్చాడు. ఏ పాట పెడతాడోనని చూస్తున్నాను. ఒక ఆడమనిషి గొంతు వినబడింది. "పొద్దుగాల పోయినోనివి, గిప్పుడా వచ్చుడు? కూర సల్లారింది, నేను గూడ సల్లారిన."

"ఇదేమిటి ముత్తన్నా?"

"మా ఇంటామె. టేపుల పట్టిన. పాట పెడితే మీరు పాటనే ఇంటరు, స్పీకరును ఇనరు. ఈమె తిట్టింది తిట్టినట్టు వినబడితే స్పీకరు మంచిది. తిట్టు తియ్యగ వినబడ్డదంటే అది అబద్ధమాడుతున్నట్టు."

గడప దగ్గర చింతపండు గింజ తీస్తున్న ఆవిడ తల తిప్పి చూసింది. "ఇంట్ల తిడితే సాలదని బజార్ల గూడ ఇనిపిస్తున్నడు సారూ, సిగ్గు లేకుండ" అంది. అసలు గొంతు అక్కడే ఉంది, పోల్చుకోవడానికి. మొదటి జోడు ఆగగానే నేను ఏదో అనబోయాను. ముత్తయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. "నోటితోటి అనొద్దు సారు. రాయుండ్రి. నోరు ఎదుటోని మొఖం జూసి మాట్లాడుతది. చెయ్యికి కండ్లు లెవ్వు." రాశాను. మొదటిదానిలో మెరుపు ఎక్కువ, గొంతు పలచబడింది. రెండోది ఆవిడ గొంతే. పంచె తీశాడు. రెండోది నేను వదిలించుకోవాలనుకున్న పాత జోడు. నాకు సిగ్గేసింది. ఆయన నవ్వలేదు. "కొత్తది సెడ్డది గాదు. కానీ పేరు జూసి మీ చెవి ముందే ఒప్పుకున్నది. ఇంటికి పోదాం నడువుండ్రి, అది మీ గదిల ఎట్ల మాట్లాడుతదో సూద్దాం" అన్నాడు.

మా హాలు నిండా నునుపు బండలు, అద్దాల కిటికీలు. ఆయన మధ్యలో నిలబడి ఒక్క చప్పట కొట్టాడు. అది గది చుట్టూ తిరిగి గణగణమంటూ వెనక్కు వచ్చింది. "సగం మాట పెట్టెది సారు, సగం గోడది. గోడ నోరు ముయ్యకుండ కొత్త స్పీకరు తెచ్చి ఏం లాభం?" అని మా ఇంట్లో ఉన్న బొంతలు రెండు అడిగి గోడకు వేలాడదీశాడు. మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది. "మంచిగుంది అన్నా. గోడకు బొంతలు గప్పినవ్, మమ్ముల బండల మీద పండమంటవా?" అంది. "గోడకు సలి వెడుతున్నది చెల్లె" అన్నాడు ఆయన, మేకు కొడుతూనే. నాలుగు ఆదివారాలు వచ్చాడు. పెట్టెలను గోడ నుంచి బెత్తెడు ముందుకు, రెండు వేళ్ళు పక్కకు జరిపించేవాడు. జరిపిన ప్రతిసారీ నా చేత రాయించేవాడు. నాలుగో ఆదివారం పంచె మళ్ళీ కట్టాం. ఈసారి నేను కొత్త జోడును ఎంచుకున్నాను, ఆయన కూడా. కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తే ఇద్దరి మాటలూ దాదాపు ఒకటే. "ఇగ మీ చెవి మీదైంది" అన్నాడు. నాకు వచ్చిన పట్టాలలో ఏ ఒక్కటీ నన్ను అంత సంతోషపెట్టలేదు.

ఆ రోజుల్లో ఖమ్మం నుంచి సత్తుపల్లి దాకా ఫంక్షన్ హాలుకైనా, డాక్టరు గారి మేడకైనా స్పీకర్లు కొనేముందు అడిగే ప్రశ్న ఒకటే ఉండేది: "ముత్తయ్య విన్నడా?" ఆయన బాగుందంటే కొనేవారు, లేదంటే వెనక్కు పంపేవారు. ఆయనకు ఆస్తి లేదు, పెద్ద చదువు లేదు, వెనక మనుషులు లేరు. ఉన్నది ఆ మాట ఒక్కటే. దాన్ని ఆయన ఎవరి కోసమూ తగ్గించడం గానీ పెంచడం గానీ నేను చూడలేదు.

సత్తుపల్లి దగ్గర పామాయిల్ తోటలున్న ప్రసాదరావు గారు తన స్పీకర్లను ఇంకా పై మెట్టుకు తీసుకెళ్ళాలనుకున్నది అప్పుడే. ఆయన తండ్రి కాలంలో కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. కొన్న స్పీకర్లు చాలా మేలైనవి. వాటికి ఆయన కనిపెట్టిన లోపం ఒకటే: పెట్టెలు నొక్కిన చెక్కపొట్టుతో చేసినవట. "భద్రాచలం టేకు మన చేతికింద ఉండగా ఈ పొట్టు పెట్టెలేమిటండీ మాస్టారూ? అటవీశాఖ డిపో వేలంలో మంచి దుంగలు పాడాను. లోపలి సరుకు తీసి టేకులో కూర్చోబెడదాం. దేశంలో ఎవడి దగ్గరా ఉండకూడదు" అన్నాడు. ఈ తప్పు చేయడానికి మా జిల్లావాడే కావాలి. మాకు టేకంటే తలుపు కాదు, మంచం కాదు, పరువు. పెట్టె కట్టమని ముత్తయ్యను పిలిపించాడు. నేనూ వెళ్ళాను.

ముత్తయ్య దుంగ మీద అరచెయ్యి వేసి నిమిరాడు. "ఇసుంటి టేకు మా నాయన నరికిండు దొరా. మంచి కట్టె. తలుపుకు మంచిది, మంచానికి మంచిది. స్పీకరుకు పెట్టె మూగది గావాలె. టేకు మూగది గాదు, మాట్లాడుతది. ఎండకు ఒకతీరు, వానకు ఒకతీరు జరుగుతది. ఆ పొట్టు పలకకు చెట్టు తీరు పెరిగిన నార లేదు, గందుకనే అది సప్పుడు జెయ్యది."

"నువ్వు కట్టలేనంటే ఆ ముక్క చెప్పవయ్యా, టేకును అనకు" అన్నాడు ప్రసాదరావు గారు నవ్వుతూ.

"కట్టొచ్చు. కట్టను" అన్నాడు ముత్తయ్య. ఆయన కూడా నవ్వుతూనే అన్నాడు. కానీ ఇద్దరి నవ్వులూ ఒక జాతివి కావు.

పెట్టెలు వేరే వడ్రంగి కట్టాడు. నగిషీలు చెక్కాడు, మెరుగుపెట్టాడు. చూడటానికి, నిజం చెప్పాలి, కన్ను తిప్పుకోలేనట్టు ఉన్నాయి. ఒక ఆదివారం భోజనాలకు పిలిచి, ఇరవై మంది దాకా పెద్దమనుషులను కూర్చోబెట్టి, ప్రసాదరావు గారు వేడుకగా పంచె పందెం పెట్టించాడు. తెర వెనక మూడు జోళ్ళు: టేకుది ఒకటి, అరువు తెచ్చినవి రెండు. తెర ముందు రెండు కుర్చీలు: ఒకటి ముత్తయ్యకు, ఒకటి నాకు. "ఈయన అనుభవం, మా మాస్టారు సైన్సు. ఇద్దరూ సంతకం పెడితే ఇక తిరుగులేదు" అని నన్ను అందరికీ పరిచయం చేశాడు. ఆ పరిచయం నాకు నచ్చింది. ఎంత నచ్చిందో ఆ తర్వాత చాలా ఏళ్ళు కొలుచుకున్నాను.

మూడో జోడు మొదలైన కొద్దిసేపటికే నా పెన్సిలు కదిలింది. ఆ పుటలో నేను రాసినది ఇదీ: "మూడు: మగగొంతు కింది స్వరాల దగ్గర చెక్క తానుగా పలుకుతోంది. ఎడమ పెట్టెలో ఎక్కువ. మాట ముగిసిన తరువాత కూడా ఆగడం లేదు. మూడింటిలో అధమం." ముత్తయ్యను ముందు చదవమన్నారు. ఆయన నిలబడి, కాగితం దూరంగా పట్టుకుని చదివాడు: "మూడోది బాగలేదు. ఎడమ పెట్టె ఒణుకుతుంది. మనిషి పాడుతుంటే కట్టె గూడ పాడుతున్నది. పాత పెట్టెల్లకే మార్చుండ్రి." తెర తీశారు. మూడోది టేకు.

వచ్చినవాళ్ళు పెట్టెల వైపు, తరువాత ప్రసాదరావు గారి వైపు చూశారు. ఆ తరువాత ఒక కాంట్రాక్టరు, "అడవి టేకు అడివోనికే నచ్చలేదా!" అన్నాడు. అందరూ నవ్వారు. ప్రసాదరావు గారు అందరికంటే పెద్దగా నవ్వి, "పాపం, చెవులు వెళ్ళిపోయినట్టున్నాయండీ. జీవితమంతా మైకుల మధ్య బతికాడు మరి" అని నా వైపు తిరిగాడు. "మాస్టారూ, మీరు సైన్సు. మీరు చెప్పండి."

పుస్తకం నా ఒళ్ళో తెరిచే ఉంది. అక్షరాలు నావే. చదివితే సరిపోయేది. నేను పుస్తకం మూశాను. "గంభీరంగా ఉందండి. చెవి కొంచెం అలవాటు పడాలి, అంతే" అన్నాను.

ముత్తయ్య నా వైపు తిరిగాడు. ఆ మొహంలో కోపం ఉంటే నేను ఇన్నేళ్ళు ఇంత మోసేవాడిని కాదు. ఆశ్చర్యం ఉంది. "మీకు గట్ల వినబడ్డదా సారు?" అని అడిగాడు.

"అవును" అన్నాను.

ఆయన తన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని కూర్చున్నాడు. నన్ను ఎవరూ బెదిరించలేదు. నాకు ఎవరి వల్లా ఏ నష్టమూ లేదు. ఇరవై మంది ముందు దొరికిన మర్యాదను ఇంకో అరగంట నిలుపుకోవాలనిపించింది. అంతకు మించిన కారణం ఏదైనా దొరుకుతుందేమోనని వెతికాను. దొరకలేదు.

"ముత్తయ్య చెవులు పోయినయట, సారే జెప్పిండట" అన్న మాట నెల తిరక్కుండా జిల్లా అంతా పాకింది. హాళ్ళవాళ్ళు ఆయనను పిలవడం మానేశారు. పిలవకపోయినా కాయిల్ చుట్టుకుని బతకగలవాడు. కానీ కొంతకాలానికి దుకాణం మూతపడింది. సామాను తూకానికి అమ్మి ఊరికి వెళ్ళిపోయాడని పక్క సైకిలు దుకాణం మనిషి చెప్పాడు. "పోయే ముందు పెద్ద దవాఖానల చెవులు సూపెట్టుకున్నడు సార్. డాక్టర్ మంచిగున్నయన్నడట. నమ్మకపాయె." అవమానంతో వెళ్ళిపోయాడని నేను అనుకున్నాను. అలా అనుకోవడం నాకు వీలుగా ఉంది.

రెండేళ్ళ తరువాత వేరే పని మీద ప్రసాదరావు గారి ఇంటికి వెళ్ళాను. స్పీకర్లు మళ్ళీ పాత పెట్టెల్లో ఉన్నాయి. టేకు మొదటి ఎండాకాలానికే అతుకుల దగ్గర విచ్చుకుందట, రెండో ఎండాకాలానికి నిలువునా పగిలిందట. "పారేయడం ఎందుకని టీపాయి చేయించానండి. కాఫీ తీసుకోండి" అన్నాడు. ఆ టీపాయి మీదే కాఫీ పెట్టారు. నేను ముట్టుకోలేదు. "ముత్తయ్య చెప్పింది నిజమని ఆ రోజు వచ్చినవాళ్ళకు మీరు చెప్పాలి" అన్నాను. ఆయన నన్ను వింతగా చూశాడు. "ఎప్పటి మాటండీ! అయినా ఆ రోజు మీరూ బాగుందన్నారుగా మాస్టారూ?" నేను లేచి వచ్చేశాను. ఆయన మీద నాకు ఈ రోజుకీ కోపం ఉంది. ఆ కోపానికి నాకు అర్హత లేకుండా చేసినవాడిని కూడా నేనే.

ఆ వేసవిలోనే నోటుపుస్తకం పట్టుకుని భద్రాచలం దాటి ముత్తయ్య ఊరు వెళ్ళాను. పందిరి కింద ఆయన, ఆయన భార్య తునికాకు కట్టలు కడుతున్నారు. నన్ను చూసి లేచి మంచం వాల్చాడు, నీళ్ళిచ్చాడు. నేను ఏమీ చెప్పకుండా ఆ పుట తెరిచి చేతికిచ్చాను. ఆయన చదివాడు. మళ్ళీ మొదటి నుంచి వేలు పెట్టి చదివాడు.

"ఇది ఎప్పుడు రాసిండ్రు?"

"ఆ రోజే. నువ్వు చదవక ముందే."

పుస్తకాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు. "అయితే నా చెవులు మంచిగనే ఉన్నయన్నట్టు" అన్నాడు. "ఆళ్ళు నవ్విండ్రని గాదు సారు నేను బందు జేసింది. ఆళ్ళకేం తెల్సు. మీ చెవి నేను దిద్దిన చెవి. ఇద్దరం ఒకటే ఇంటం. మీకు మంచిగ వినబడ్డదంటే, నాదే పోయిందనుకున్న. మీరు అబద్ధం జెప్తరని నాకు తోచనే లేదు."

ఆవిడ ఆకుల మీది నుంచి తల ఎత్తలేదు. "నేను మాట్లాడితే గూడ నమ్మకపాయె సారూ. నీ గొంతు గిట్లనే ఉంటదా, నాకే మారి వినబడ్తుందా అని అడిగేటోడు. నలభై ఏండ్ల సంది తిడుతున్న, నా గొంతు నాకే అనుమానమైంది" అంది.

ఖమ్మం రమ్మన్నాను. ఆ రోజు ఉన్న ప్రతి మనిషి ఇంటికీ తీసుకెళ్ళి ఈ పుట చదివి వినిపిస్తానన్నాను. "ఆళ్ళకు నా చెవులతోటి పనేంది సారు? పని నాకుండె" అన్నాడు. క్షమించమని అడిగాను. "గా కాయితం ఈడ పెట్టి పోండ్రి" అన్నాడు. పుట చింపి ఇచ్చాను. మంచివాడు కాబట్టి బస్సు దాకా వచ్చాడు. నేను ఎక్కక ముందే వెనక్కు తిరిగాడు. నిరుడు వానాకాలంలో పోయాడని నాకు పది రోజులు ఆలస్యంగా తెలిసింది.

ముత్తయ్య ఊరి నుంచి వచ్చినప్పటి నుంచి నేను విన్నది రాసి, రాసింది పైకి చదువుతున్నాను. దుకాణాలలో, పెళ్ళిళ్ళలో, స్నేహితుల కొత్త ఇళ్ళలో. ఒక్కొక్కరే పిలవడం మానేశారు. ఇందులో నా ధైర్యం ఏమీ లేదు. ఇప్పుడు నిజం చెబితే నాకు పోయేది ఒక కప్పు కాఫీ. చెప్పవలసినప్పుడు చెప్పని దానికి ఇది జమ కాదు.

ఈమధ్య నా చెవులను డాక్టరు పరీక్షించాడు. పై స్వరాలు కొన్ని నాకు అందడం లేదట. నిన్న మా గదిలో ఒంటరిగా కూర్చుని వింటుంటే కుడి పక్క పెట్టె కాస్త మందగించినట్టు అనిపించింది. మందగించింది పెట్టో, నేనో తేలలేదు. మా ఆవిడను అడిగాను, "మంచిగనే ఉంది" అంది. పాత స్నేహితుడిని పిలిపించి అడిగాను. అతను పెట్టెల వైపు కాదు, నా మొహం వైపు చూసి, "బ్రహ్మాండంగా ఉంది" అన్నాడు. నాకు వినబడుతున్నది ఉన్నదేనా అని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పగల మనిషి ఈ జిల్లాలో ఒకడే ఉండేవాడు. ఆ రోజు తెర ముందు ఆయన నన్ను అడిగింది కూడా ఇదే ప్రశ్న. నేను "అవును" అన్నాను.